అనుకరణ నుంచి నివాళికి: అల్లు రామలింగయ్య హాస్యవాచికం – ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గానం

వ్యాస సంగ్రహం:
హాస్యనటుడి పలుకుబడిని గాయకుడు తన గొంతులోకి తెచ్చుకొని పాడినప్పుడు తెలుగు సినిమా విమర్శ దాన్ని ‘మిమిక్రీ’ అనే ఒక్క మాటతో ముగిస్తుంది. ఆ ముగింపు తొందరపాటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అల్లు రామలింగయ్య కోసం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘ముత్యాలూ వస్తావా’ పాటను ప్రధాన ఆధారంగా తీసుకొని, అనుకరణ ఎప్పుడు ఎగతాళి అవుతుంది, ఎప్పుడు నివాళి అవుతుంది అన్న ప్రశ్నను నాట్యశాస్త్రంలోని అనుకరణ, కాకు చర్చల వెలుగులో పరిశీలిస్తుంది. నెల్లూరు హరికథా వాతావరణంతో ఈ గానపద్ధతికి గల రూపసాదృశ్యాన్ని కూడా వివరిస్తుంది.

కీలక పదాలు: హాస్యవాచికం, అనుకరణ, కాకువు, నివాళి, సినిమాపాట, హరికథ, నెల్లూరు.

1. ఉపోద్ఘాతం

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం (1946–2020) ఉత్తమ గాయకుడిగా ఆరుసార్లు జాతీయ పురస్కారం అందుకున్నారు. తెలుగులో ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’. హిందీలో ‘ఏక్ దూజే కే లియే’. కన్నడంలో ‘సంగీతసాగర గానయోగి పంచాక్షర గవాయి’. తమిళంలో ‘మిన్సార కనవు’ ఆ గౌరవం తెచ్చిన చిత్రాలు. ఈ ఆరింటిలో ఏ ఒక్క పురస్కారమూ హాస్యగీతానికి వచ్చినది కాదు. శాస్త్రీయ ఛాయ గల పాటలు, ప్రణయగీతాలు, ఆర్ద్రమైన పాటలు మాత్రమే ఆయన ప్రతిభకు గీటురాళ్లుగా నిలిచాయి. 2020లో ఆయన మరణానంతరం నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడమంటే ఒక వారసత్వాన్ని అంగీకరించడం. ఆ వారసత్వంలో హాస్యగానానికి చోటు ఉందా లేదా అన్నది ఇంకా తేలని విషయం.

ఈ ప్రశ్న గాయకుడి కీర్తికి మాత్రమే సంబంధించినది కాదు. తెలుగు సాహిత్య విమర్శ సినిమాపాటను పరిశీలించవలసి వచ్చినప్పుడు సాధారణంగా ముద్రిత సాహిత్యాన్ని, అంటే కాగితం మీద కనిపించే చరణాలను చేతిలోకి తీసుకుంటుంది. ప్రణయగీతానికీ, ప్రబోధగీతానికీ ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. హాస్యగీతం దగ్గర ఇది పూర్తిగా విఫలమవుతుంది. హాస్యగీతంలో సగం అర్థం పలికే తీరులో ఉంటుంది. పలుకును వదిలి పదాన్ని మాత్రమే చదివితే మిగిలేది చాలా సందర్భాలలో ఒక చవకబారు సరసోక్తి. అందువల్లనే హాస్యగీతాన్ని తక్కువరకం రచనగా పక్కన పెట్టే అలవాటు స్థిరపడింది. ఉచ్చారణను కూడా పాఠంలో భాగంగా స్వీకరిస్తే ఈ అంచనా ఎంతవరకు మారుతుందో పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ‘నివాళి’ అన్న మాట

నేటి పత్రికాభాషలో నివాళి అంటే మరణించినవారికి అర్పించే శ్రద్ధాంజలి. ఈ అర్థం ఆధునికం. తెలుగు ఇళ్లలోనూ, గుళ్లలోనూ నివాళి అంటే హారతి. పళ్లెంలో దీపం వెలిగించి, ఎదురుగా ఉన్న దేవుడికో, పీటల మీద కూర్చున్న వధూవరులకో చుట్టూ తిప్పడం నివాళి. మంగళహారతి పాటలలో ఈ పదం ఈ అర్థంలోనే కనిపిస్తుంది.

ఈ పాత అర్థంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, నివాళి అందుకొనే వ్యక్తి ఎదుట సజీవంగా ఉంటాడు. రెండవది, హారతి వెలుగు తన్ను తాను చూపించుకోదు. ఎదుటి ముఖాన్ని చూపిస్తుంది. గర్భగుడి చీకటిలో హారతి వెలిగినప్పుడు భక్తుల చూపు కర్పూరం మీద కాక మూర్తి మీద నిలుస్తుంది. గాయకుడు తన గొంతును ఇటువంటి వెలుగుగా మార్చుకొని మరొకరి వాచికాన్ని చూపించగలిగితే, ఆ పాటను సంగీతరూపమైన నివాళి అనడానికి అవకాశం ఉంది. ఈ వ్యాసంలో నివాళి అన్న మాటను ఈ అర్థంలోనే వాడడం జరిగింది.

3. మాటతో ఆడుకొనే హాస్యం

తెలుగు సినిమా హాస్యంలో శరీరవికారం కంటె మాటవికారం బలమైన పాయ. ‘మాయాబజార్’ (1957) దీనికి స్పష్టమైన ఉదాహరణ. పింగళి నాగేంద్రరావు ఆ చిత్రంలో సంస్కృత సర్వనామాల నుంచి ‘అస్మదీయులు’, ‘తస్మదీయులు’ అన్న జంటను నిలబెట్టారు. ‘గింబళి’ వంటి కొత్త పదాలను పుట్టించారు. ‘వీరతాళ్లు’ నేటికీ తెలుగువారి వ్యంగ్యభాషలో భాగంగా ఉంది. రాక్షసులకు ఒక ప్రత్యేక వ్యాకరణం ఉన్నట్టు భ్రమింపజేయడంలో ఆ హాస్యం దాగి ఉంది.

ఆ చిత్రంలో చిన్నమయ్యగా నటించిన రమణారెడ్డి నెల్లూరు ప్రాంతం వారు. సన్నని దేహం, దానికి తగ్గ పదునైన గొంతు, మాటను విసిరి వెంటనే వెనక్కి లాక్కొనే తీరు ఆయన హాస్యానికి ఆధారాలు. ‘మిస్సమ్మ’ (1955)లోని డేవిడ్ పాత్రలోనూ, ‘గుండమ్మ కథ’ (1962)లోని పాత్రలోనూ ఈ లక్షణాలు కనిపిస్తాయి. అదే ‘మాయాబజార్’లో పురోహితుడు శర్మగా నటించిన అల్లు రామలింగయ్య (1922–2004) పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లుకు చెందినవారు. వేరువేరు ప్రాంతాల పలుకుబడులు గల ఈ ఇద్దరు నటులూ పింగళి భాషాక్రీడ జరిగిన ఒకే చిత్రంలో కనిపించడం విశేషం.

తరువాతి దశాబ్దాలలో అల్లు రామలింగయ్య పేరుతో కొన్ని ఊతపదాలు జనం నోట స్థిరపడ్డాయి. ‘ఆమ్యామ్యా’, ‘అప్పుం అప్పుం’ వాటిలో ప్రసిద్ధమైనవి. ‘ఆమ్యామ్యా’ నేడు లంచానికి పర్యాయపదంగా వార్తాపత్రికల శీర్షికలలో సైతం కనిపిస్తుంది. పసిపిల్లలు తిండిని చూసి చేసే ధ్వనిని పోలిన ఈ మాట, అవినీతిపరుడి ఆకలిని పసితనపు ధ్వనితో పట్టివ్వడంలో వ్యంగ్యం ఉంది. నిఘంటుకారుడు అర్థం రాసుకోగలడు కాని, ఆ మాటలోని పెదవుల కదలికను రాసుకోలేడు. అల్లు హాస్యానికి కేంద్రం ఆ కదలికే. మాటను ముక్కు వైపు మళ్లించడం, చివరి అచ్చును సాగదీసి హఠాత్తుగా తుంచడం, వాక్యం మధ్యలో ఊపిరిని చిన్న నవ్వులా వదలడం, గంభీరమైన మాటను లోగొంతుకతో అనడం వంటివి ఆయన వాచికంలోని ప్రధాన లక్షణాలు. వీటినే ఈ వ్యాసం ‘హాస్యవాచికం’ అని వ్యవహరిస్తుంది.

4. తెలుగు హాస్యగానంలో మూడు పద్ధతులు

హాస్యనటుడికీ, అతడి పాటకూ మధ్య గల సంబంధాన్ని బట్టి తెలుగు సినిమా హాస్యగానాన్ని మూడు పద్ధతులుగా విభజించుకోవచ్చు.

మొదటి పద్ధతిలో నటుడే గాయకుడు. కస్తూరి శివరావు తన పాటలు తానే పాడుకున్నారు. ‘పాతాళభైరవి’ (1951)లో రేలంగి తన గొంతుతోనే పాడారు. ఇక్కడ మాటకూ పాటకూ మధ్య అతుకు లేదు. సంభాషణలో వినిపించిన మనిషే పాటలోనూ వినిపిస్తాడు. రంగస్థలం నుంచి వచ్చిన నటులకు ఈ పద్ధతి సహజమైనది.

రెండవ పద్ధతిలో నేపథ్యగాయకుడు తన సొంత గొంతులోనే హాస్యాన్ని పలికిస్తాడు. మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు ఈ పద్ధతికి ప్రతినిధులు. వారి గొంతులకు సొంత గుర్తింపు ఉంది. తెరమీద నటుడు ఎవరైనా పాట వినగానే మాధవపెద్ది పాట, పిఠాపురం పాట అని శ్రోత గుర్తిస్తాడు. ఘంటసాల ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959)లో సాలూరి రాజేశ్వరరావు స్వరరచనలో పాడిన ‘కాశీకి పోయాను రామాహరి’ కూడా ఈ పద్ధతిలోనిదే. భావంలో హాస్యం ఉంది. గొంతు మాత్రం ఘంటసాలదే. నటుడే గాయకుడి గొంతుకు తగినట్టు అభినయిస్తాడు.

మూడవ పద్ధతిలో గాయకుడు నటుడి దగ్గరకు నడిచి వెళతాడు. నటుడి హాస్యవాచికాన్ని పట్టుకొని, దాన్ని శ్రుతిలో పెట్టి పాడతాడు. పాట మారితే గొంతు మారదు. నటుడు మారితే గొంతు మారుతుంది. ఈ పద్ధతిని తెలుగులో ఒక స్థిరమైన గానకళగా నిలబెట్టిన ఘనత బాలసుబ్రహ్మణ్యానిది. తరువాతి కాలంలో కమల్ హాసన్ తెలుగు చిత్రాలకు ఆయన చెప్పిన డబ్బింగులోనూ ఇదే శక్తి వేరొక రూపంలో కనిపిస్తుంది. ఒకే నటుడు అనేక వేషాలు వేసిన ‘దశావతారం’ (2008)లో పలు పాత్రలకు ఆయన ఒక్కరే గొంతునివ్వడం ఇందుకు నిదర్శనం.

ఈ మూడవ పద్ధతికి ఒక చారిత్రక సందర్భం కూడా ఉంది. బాలసుబ్రహ్మణ్యాన్ని సినిమాకు పరిచయం చేసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967) హాస్యనటుడు పద్మనాభం నిర్మించి, తానే ప్రధానపాత్ర ధరించిన చిత్రం. సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఒక హాస్యనటుడి సాహసం వల్ల నెల్లూరు యువకుడికి తెర వెనుక చోటు దొరికింది. దాదాపు పదేళ్ల తరువాత అదే గొంతు మరొక హాస్యనటుడికి పాటరూపాన్ని ఇచ్చింది. చరిత్ర దీన్ని రుణం తీర్చుకోవడంగా ఉద్దేశించి ఉండదు. అయినా హాస్యనటుల లోకం ఆ గాయకుడికి పరాయిది కాదన్న సంగతి ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

5. ‘ముత్యాలూ వస్తావా’: పలుకుగా మారిన పాట

దాసరి నారాయణరావు దర్శకత్వం వహించిన ‘మనుషులంతా ఒక్కటే’ (1976)కు సాలూరి రాజేశ్వరరావు సంగీతం కూర్చారు. అందులో కొసరాజు రాఘవయ్య రచించిన ‘ముత్యాలూ వస్తావా’ పాటను బాలసుబ్రహ్మణ్యం, పి. సుశీల పాడారు. తెరమీద అల్లు రామలింగయ్య అభినయించారు. వయసు మళ్లిన సరసుడు ఒక స్త్రీని బతిమాలుకొనే సన్నివేశం.

ఎత్తుగడలోని రెండు మాటలనే వ్యాకరణ దృష్టితో చూస్తే రచనలోని ఆట బయటపడుతుంది. ‘ముత్యాలు’ రూపంలో బహువచనం. వినగానే మొదట తోచేది ముత్యపు గింజలు. అమహద్వాచక బహువచనమే అయితే క్రియ ‘వస్తాయా’ అని ఉండాలి. ‘వస్తావా’ అన్న మధ్యమపురుష ఏకవచన క్రియ రాగానే అది ఒక స్త్రీ పేరని తేలుతుంది. బహువచనరూపంలో ఉన్న పేరుకు ఏకవచన క్రియ తగలడం వల్ల క్షణకాలం ఊగిసలాడిన అర్థం కుదుటపడుతుంది. నగకూ మనిషికీ మధ్య ఆ క్షణకాలపు ఊగిసలాటలోనే సరసుడి మనస్తత్వం ఉంది. కొసరాజు జానపద శైలిలో ఇటువంటి పొదుపు తరచు కనిపిస్తుంది.

సంబోధనలో తుది అచ్చుకు దీర్ఘం రావడం తెలుగు వ్యాకరణం గుర్తించిన సామాన్యలక్షణం. ‘ముత్యాలు’ పిలుపులో ‘ముత్యాలూ’ అవుతుంది. దూరాన్ని బట్టి, ఆర్తిని బట్టి ఆ దీర్ఘం ఎంతైనా సాగవచ్చు. అల్లు హాస్యవాచికంలో తుది అచ్చును సాగదీయడం ఒక ముఖ్యలక్షణమని పైన చెప్పుకున్నాం. అంటే భాష సహజంగా సాగే చోటే నటుడి అలవాటు కూడా సాగుతుంది. పాటకు కావలసిన రాగవిస్తారానికీ అదే చోటు. వ్యాకరణం, నటుడి పలుకు, సంగీతం మూడూ ఒకే అచ్చు మీద కలుసుకుంటాయి. బాలసుబ్రహ్మణ్యం గానంలోని సూక్ష్మం ఈ కూడలిని గుర్తించడంలో ఉంది. ఆయన హాస్యాన్ని ఎక్కడ పడితే అక్కడ అతికించరు. తెలుగు మాట తానుగా చోటిచ్చిన దగ్గరే అల్లు గొంతును ప్రవేశపెడతారు.

రెండవ మాట ‘వస్తావా’ ప్రశ్న. తెలుగులో అవును-కాదు ప్రశ్నకు చివర ‘ఆ’ చేరుతుంది. దానితోపాటు గొంతు పైకి లేస్తుంది. ఈ ఎత్తును ఆలంకారికులు కాకువు అన్నారు. భరతుడు కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు విధాలుగా విభజించాడు. అర్థం ఇంకా పూర్తికాక, దేనికోసమో ఎదురుచూసే పలుకు సాకాంక్షం. ప్రశ్న స్వభావం చేతనే సాకాంక్షమైనది. ఈ పాటలో సరసుడి జీవితమంతా ఒక సాకాంక్ష కాకువు అనవచ్చు. అతడు అడుగుతూనే ఉంటాడు, ఎదురుచూస్తూనే ఉంటాడు. గాయకుడు ప్రశ్నలోని ఆ పైఎత్తును అల్లు ముక్కుపలుకుతో కలపడం వల్ల ఆశ, బెరుకు రెండూ ఒకేసారి వినిపిస్తాయి. నవ్వు పుట్టేది ఆ రెండింటి కలయికలో.

సుశీల గానం ఇందులో వహించే పాత్ర తక్కువది కాదు. ఆమె గొంతు తన సహజ మాధుర్యాన్ని విడిచిపెట్టదు. ఒక పక్క వంకరలు పోయే పురుషస్వరం, మరొక పక్క నిటారుగా నిలిచిన స్త్రీస్వరం. కొలబద్ద నేరుగా ఉంటేనే వంకర ఎంతో తెలుస్తుంది. ఆమె కూడా గొంతు మార్చి పాడి ఉంటే పాట కేవలం అల్లరిగా మిగిలేది.

ఇక శ్రుతి విషయం. గొంతు ఎంత వికారంగా వినిపించినా స్వరస్థానం తప్పదు; తాళం జారదు. ముక్కుతో పలికిన అచ్చు కూడా తన స్వరం మీదే నిలుస్తుంది. వికారం ధ్వనిగుణానికి మాత్రమే పరిమితం, స్వరానికి కాదు. ఈ వివేకం తరువాతి విభాగంలోని చర్చకు ఆధారం.

6. అనుకరణ: ఎగతాళి, నివాళి

భరతుడు హాసమనే స్థాయిభావాన్ని వివరిస్తూ ఇతరుల చేష్టలను అనుకరించడం వల్ల నవ్వు పుడుతుందని చెప్పాడు. నాట్యం అనుకరణమన్న శంకుకుడి వాదాన్ని ఖండించేటప్పుడు అభినవగుప్తుడు ఈ మాటను సాధనంగా వాడుకున్నాడు. నటుడు రాముణ్ణి అనుకరిస్తున్నాడని అంటే ప్రేక్షకుడికి రసానుభూతికి బదులు నవ్వు రావాలి కదా అన్నది ఆ ఖండనలోని ఒక పదునైన అంశం.

హాస్యగానం విషయంలో ఈ చర్చ విచిత్రమైన మలుపు తీసుకుంటుంది. ఇక్కడ అనుకరణకు గురయ్యే వ్యక్తి అల్లు రామలింగయ్య. ఆయన అప్పటికే ఒక సరసుడి పాత్రను ధరించి ఉన్నారు. గాయకుడు ఆ సరసుణ్ణి అనుకరిస్తున్నాడా? ఆ నటుణ్ణి అనుకరిస్తున్నాడా? నటుణ్ణి అనుకరిస్తున్నాడంటే, భరతుడి సూత్రం ప్రకారం శ్రోత అల్లును చూసి నవ్వాలి. కాని శ్రోత అల్లును చూసి నవ్వడు. అల్లుతో కలిసి సరసుణ్ణి చూసి నవ్వుతాడు. అనుకరణ నటుడి మీద జరిగినా నవ్వు పాత్ర మీదికి మళ్లింది. ఈ మళ్లింపు ఎలా సాధ్యమైందన్నది అసలు ప్రశ్న.

వేదికలమీద వినిపించే వ్యంగ్యానుకరణతో పోల్చితే సమాధానం తేలికపడుతుంది. ఎగతాళి చేసే అనుకర్త ఎదుటివారి పలుకులోని ఒకటి రెండు లక్షణాలను ఎంచుకొని పెద్దవి చేస్తాడు. ఆ లక్షణాలు సందర్భంతో నిమిత్తం లేకుండా ప్రతి వాక్యంలోనూ వినిపిస్తాయి. ఫలితంగా మనిషి తన లోపాల మూటగా మిగులుతాడు. ‘ముత్యాలూ వస్తావా’లో జరిగింది ఇందుకు భిన్నం. గాయకుడు తీసుకున్న లక్షణాలు అర్థం కోరిన చోటే వినిపిస్తాయి; అర్థం కోరని చోట తగ్గుతాయి. అంటే ఆయన అల్లు గొంతును కాక అల్లు వివేకాన్ని అనుకరించారు. ఏ మాటను ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో నటుడికి తెలిసిన తెలివి పాటలోకి వచ్చింది.

శంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయం ఇక్కడ తిరిగి ఉపయోగపడుతుంది. బొమ్మలోని గుర్రాన్ని చూసినప్పుడు కలిగే జ్ఞానం నిజం, అబద్ధం, సందేహం, పోలిక అన్న నాలుగింటికీ భిన్నమైనదని అతడి వాదం. రేడియోలో ఈ పాట విన్న శ్రోత అనుభవం కూడా అటువంటిదే. పాడుతున్నది అల్లు అని అతడు మోసపోడు, కాదని నిరాకరించడు, ఎవరో అని సందేహపడడు, అల్లులా ఉందని పోల్చి ఊరుకోడు. తెర లేకుండానే అల్లు ముఖం అతడి కళ్లముందు కదులుతుంది. అభినవగుప్తుడి ఖండన తరువాత అలంకారశాస్త్రం పక్కన పెట్టిన ఈ న్యాయం నేపథ్యగానమనే ఆధునిక కళారూపాన్ని వివరించడంలో తన బలాన్ని తిరిగి సంపాదించుకుంటుంది.

శ్రుతి తప్పకపోవడం ఈ చర్చలో మరొక కీలకాంశం. ఎగతాళి శ్రుతిని కూడా చెడగొడుతుంది; ఎదుటివాడికి పాడడం రాదని చూపించడం దాని ఉద్దేశం. బాలసుబ్రహ్మణ్యం అల్లు ధ్వనిగుణాన్ని తీసుకొని తన స్వరజ్ఞానాన్ని అందులో ఉంచారు. సంభాషణలో మాత్రమే వినిపించిన ఒక వాచికానికి సంగీతం సమకూరింది. అల్లు రామలింగయ్య పాడగలిగి ఉంటే ఎలా పాడేవారో అలా ఈ పాట వినిపిస్తుంది. ఉన్నదాన్ని పెద్దది చేసి చూపడం ఎగతాళి. ఎదుటివారికి లేనిదాన్ని వారి గొంతులోనే అమర్చి ఇవ్వడం నివాళి. ఈ భేదమే ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధాన ప్రమాణం.

7. నెల్లూరు, హరికథ, ఒక గొంతులోని పలు గొంతులు

బాలసుబ్రహ్మణ్యం తండ్రి శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి నెల్లూరులో పేరుపొందిన హరికథా విద్వాంసులు. తిప్పరాజువారి వీధిలోని ఆ కుటుంబపు ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. గాయకుడి జీవితకథలలో ఈ నేపథ్యాన్ని భక్తిసంగీతానికీ, శాస్త్రీయ సంస్కారానికీ మూలంగా చెప్పడం పరిపాటి. హాస్యగానంతో దానికి గల సంబంధాన్ని పరిశీలించడం అరుదు.

ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన హరికథాప్రక్రియలో ఒక్క దాసరే సర్వపాత్రలూ. కాలిగజ్జె, చేతి చిడతలతో నిలబడి రాజుగా, దాసిగా, ముసలివాడిగా, పసివాడిగా పలకాలి. కథ మధ్యలో నిద్రమత్తు వదిలించేందుకు పిట్టకథ చెప్పాలి. పిట్టకథలోని పిసినారిని, గయ్యాళిని గొంతు మార్చి పలికించి, నవ్వు ఆగకముందే తిరిగి కీర్తనకు శ్రుతి కలపాలి. ఈ రాకపోకలలో శ్రుతి జారితే కథ జారుతుంది. హాస్యం ఎంత దూరం వెళ్లినా తంబురా దగ్గరకు తిరిగి రావాలన్నది హరికథకుడి నియమం.

ప్రభావాన్ని నిరూపించడం ఇక్కడి ఉద్దేశం కాదు. రూపసాదృశ్యాన్ని చూపడం మాత్రమే. పాత్రను బట్టి గొంతు మార్చడం, మారిన గొంతులోనూ శ్రుతిని కాపాడడం, నవ్వు తరువాత వెంటనే గాంభీర్యానికి మళ్లడం అన్న మూడు లక్షణాలూ హరికథలో, బాలసుబ్రహ్మణ్యం హాస్యగానంలో సమానంగా ఉన్నాయి. ‘మనుషులంతా ఒక్కటే’ వచ్చిన కొద్ది సంవత్సరాలకే ‘శంకరాభరణం’ వెలువడింది. అందులో శంకరశాస్త్రి మిత్రుడు మాధవయ్యగా నటించినది అల్లు రామలింగయ్యే. ఒక చిత్రంలో అల్లు గొంతుతో సరసమాడిన గాయకుడే మరొక చిత్రంలో ఆ అల్లు ఎదుట శంకరశాస్త్రి నాదోపాసనకు గొంతునిచ్చారు. పిట్టకథ నుంచి కీర్తనకు మళ్లిన హరికథకుడు గుర్తుకు రావడం సహజం. పురస్కారం కీర్తనకు దక్కింది. పిట్టకథ లేనిదే హరికథ పూర్తికాదన్న సంగతి విమర్శ గుర్తు పెట్టుకోవాలి.

ప్రాంతీయత దృష్ట్యా మరొక విశేషం ఉంది. గాయకుడు నెల్లూరులో పెరిగినవారు. నటుడు పాలకొల్లు వారు. ఇద్దరి ఇంటిభాషలూ వేరు. గోదావరి పలుకులోని సాగుడు, మర్యాద మాటున దాగిన వెటకారం అల్లు హాస్యానికి నేపథ్యం. నెల్లూరు నుంచి వచ్చిన గొంతు ఆ సాగుడును వెటకరించకుండా పలికించగలగడం, ప్రాంతీయ భేదాలను హాస్యం పేరిట కించపరిచే ధోరణికి ఒక మౌన ప్రత్యాఖ్యానంగా నిలుస్తుంది. ఇతర మాండలికాలను విదూషకుల నోటికే పరిమితం చేసిన తెలుగు సినిమా చరిత్రలో ఈ సంయమనం విలువైనది.

8. రెండు అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, పాటలోని సరసం. ఒక పురుషుడు ఒక స్త్రీని వెంటపడి అడగడాన్ని వినోదంగా చిత్రించిన రచనను గౌరవించడం ఎంతవరకు సబబు? ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. ఆ కాలపు హాస్యగీతాలలో స్త్రీ తరచు అడగబడే వస్తువే. నగకూ మనిషికీ మధ్య అర్థం ఊగిసలాడడం రచనాచమత్కారం అయినట్టే, స్త్రీని నగతో సమానం చేసే చూపుకు సాక్ష్యం కూడా. అయితే గానం రచనను యథాతథంగా సమర్థించదు. గాయకుడు సరసుడికి ఇచ్చిన బెరుకు గొంతు అతడి అధికారాన్ని హరిస్తుంది. నిటారుగా నిలిచిన సుశీల స్వరం ముందు ఆ పురుషస్వరం వంగిపోతుంది. అదే పల్లవిని నాయకుడి గొంతుతో పాడితే వెంటబడడం ధీమాగా వినిపించేది. హాస్యవాచికంలో అది ఆశబోతుతనంగా బయటపడింది. రచనలోని చూపును గానం పూర్తిగా సరిదిద్దదు గాని, ఆ చూపును నవ్వులపాలు చేస్తుంది.

రెండవ అభ్యంతరం, గాయకుడి వ్యక్తిత్వం గురించి. ఇతరుల గొంతులో పాడే గాయకుడికి తన గొంతు ఏది? మూడవ పద్ధతి గాయకుణ్ణి నటుడి నీడగా మారుస్తుందని అనవచ్చు. ఇది సమంజసమైన ఆందోళన. ధ్వన్యనుకరణను కళగా నిలబెట్టిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) సాధించిన గౌరవం ఈ ఆందోళనకు కొంత సమాధానం. ఆయన కృషి వల్ల ధ్వన్యనుకరణ తెలుగు విశ్వవిద్యాలయంలో బోధనాంశమైంది. అనుకరణలో అనుకర్త మాయం కాడని, అతడి ఎంపికలో అతడే కనిపిస్తాడని ఆ పరిణామం అంగీకరించింది. హాస్యగానంలోనూ అంతే. ఏ అచ్చు మీద ముక్కుపలుకును దింపాలి, ఏ పదం దగ్గర సొంత మాధుర్యానికి తిరిగి రావాలి అన్న నిర్ణయాలు గాయకుడివి. ఆ నిర్ణయాల వరుసే ఆయన సంతకం.

9. ముగింపు

‘ముత్యాలూ వస్తావా’ విడుదలైననాటికి ఇద్దరు కళాకారులూ సజీవులు. అప్పటికి అది పాత అర్థంలోని నివాళి: ఎదుట ఉన్నవారి ముఖాన్ని చూపించే వెలుగు. 2004లో అల్లు రామలింగయ్య, 2020లో బాలసుబ్రహ్మణ్యం మరణించారు. నేడు అదే పాట కొత్త అర్థంలోని నివాళిగా కూడా మారింది. విశేషమేమంటే ఈ ఒక్క గొంతులో ఇద్దరూ వినిపిస్తారు.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. హాస్యగీతానికి పాఠం కాగితం మీది చరణం మాత్రమే కాదు. ఉచ్చారణ కూడా పాఠంలో భాగం. అనుకరణ నవ్వును అనుకార్యుడి మీద నిలిపితే ఎగతాళి, అనుకార్యుడికి లేని సంపదను అతడి గొంతులోనే సమకూరిస్తే నివాళి. భాష సహజంగా చోటిచ్చిన దగ్గర మాత్రమే ధ్వనివికారం ప్రవేశిస్తే అది భాషాక్రీడ అవుతుంది. లేకుంటే వికారంగానే మిగులుతుంది. ఈ ప్రమాణాలతో రాజబాబు, పద్మనాభం, రమణారెడ్డి వంటి నటుల పాటలను పరిశీలిస్తే తెలుగు హాస్యవాచిక చరిత్రకు ఒక పునాది ఏర్పడుతుంది.

నెల్లూరులో బాలసుబ్రహ్మణ్యం పేరు మోస్తున్న పాఠశాలలో రేపు ఒక విద్యార్థి ‘శంకరాభరణం’ కీర్తన నేర్చుకుంటాడు. ఆ గొంతు పూర్తిగా అర్థం కావాలంటే అతడు ‘ముత్యాలూ’ అన్న పిలుపులోని చివరి దీర్ఘాన్ని కూడా శ్రుతి తప్పకుండా, అల్లు రామలింగయ్య ముఖం కనబడేలా పలికి చూడాలి. ఆ రెండింటిలో ఏది కష్టమో అప్పుడు అతడికే తెలుస్తుంది.